కండకు కాస్త నిద్ర

1వ రోజు

ఈ ఒక్కరోజే ముప్ఫై ఒక్క మంది పిక్కల్లో సూది గుచ్చాను. ఒక్కరూ ఏడవలేదు. ముగ్గురు మాత్రం కప్పుకు తగిలారు. మా పాలవెల్లిలో ఉలిక్కిపడితే అదే జరుగుతుంది. సెరిస్ అనే ఈ బుల్లి గ్రహం మీద బరువు లేనట్టే. భూమి మీద అరవై కిలోలుండే మనిషి ఇక్కడ రెండు కిలోలు కూడా తూగడు. సూది దిగగానే కాలు విదిలిస్తే నేరుగా పైకి పోయి, నెత్తి తడుముకుంటూ తీరిగ్గా దిగుతాడు.

సూదితో తీసేది నువ్వుగింజంత కండ. రెండు వందల పద్నాలుగు మంది కండలు ఎలా ఉన్నాయో చూసుకోవడం నా ఉద్యోగం. కాగితాల మీద నా పేరు గొర్లె విశాలాక్షి. ఊళ్ళో మాత్రం కండలమ్మ. నాకు జాతర చేయడమొక్కటే తక్కువ.

ఈ హడావిడికంతా కారణం రాట్నం. పదకొండేళ్ళుగా మంచు గుహలో కడుతున్న పెద్ద చక్రం పూర్తయింది. అది తిరిగితే లోపలున్న వాళ్ళకు బరువొస్తుంది. అట్టడుగు అంతస్తులో భూమి బరువులో సగం, నడిమి అంతస్తులో పావు, ఇరుసు దగ్గర పదోవంతు. బరువు లేక మా ఎముకలు ఏటికేడు పలచబడుతున్నాయి కాబట్టి తొంభయ్యో రోజున ఊరు ఊరంతా అందులోకి మారాలి. ఆ రోజుకు బరువు పండగ అని పేరు కూడా పెట్టేశారు. ఇన్నేళ్ళు తేలుతూ బతికిన కాళ్ళు ఒక్కసారిగా మనిషిని మోయాలి. ఆ కాళ్ళను సిద్ధం చేసే బాధ్యత నాది.

కండ పోగుల అంచున, పైపొర కింద, చిన్న చిన్న మూలకణాలు నిద్రపోతూ ఉంటాయి. కండ చిరిగితే లేస్తాయి, రెండుగా చీలతాయి. కొన్ని కొత్త కండగా మారతాయి, మిగిలినవి వెళ్ళి మళ్ళీ పడుకుంటాయి. ఇక్కడ మోసే బరువేమీ లేక అవి లేవడమే మానేశాయి. అందుకని వాటిని లేపే మందు తయారుచేశాను. పేరు మేలుకొలుపు. రోజూ పొద్దున ఒక సూది, తర్వాత గంటసేపు రబ్బరు తాళ్ళతో కసరత్తు.

చివరగా వచ్చినవాడు కోరాడ సింహాద్రి. యాభై ఎనిమిదేళ్ళు. మంచు తవ్వే యంత్రం నడుపుతాడు. ముప్ఫై ఏళ్ళ కిందట విజయనగరం వైపు నుంచి వచ్చాడు. అక్కడ తప్పెటగుళ్ళు ఆడేవాడట. గుండెకు రేకు తప్పెట కట్టుకుని, రెండు చేతులా వాయిస్తూ, పాడుతూ ఎగిరే ఆట అది.

"ఏటమ్మా కండలమ్మా, రాట్నంలో ఎగిరితే కిందకొస్తానా?"

"వస్తారు."

"ఎంటనే?"

"వెంటనే."

"ముప్పై ఏళ్ళయిందమ్మా ఆడి. ఈడ ఎగిరితే పాట అయిపోనాక దిగుతాను. ఇంక తాళం ఎక్కడుంటాది?"

పదిమందితో బృందం కట్టి బరువు పండగనాడు ఆడతానన్నాడు. ఆయన పిక్కకు రెండుసార్లు సూది వేయాల్సి వచ్చింది. మొదటిసారి నవ్వి కదిలిపోయాడు.

9వ రోజు

ఇరుసు గదికి వెళ్ళాను. రాట్నాన్ని తిప్పేదీ ఆపేదీ నీలవేణి. సింహాద్రి కూతురు, ఇరవై ఆరేళ్ళు, పాలవెల్లిలో పుట్టిన మొదటి బిడ్డ. తల్లి పోయి ఆరేళ్ళయింది.

నీలవేణికి పుట్టుకతో కండ జబ్బు. కండ పోగుల గోడలు బలహీనంగా ఉంటాయి. కాస్త గట్టిగా చేయి చాపినా ఎక్కడో ఒకచోట చిరుగుతాయి. చిరిగినప్పుడల్లా మూలకణాలు లేచి బాగుచేస్తాయి. మళ్ళీ పడుకునే తీరిక వాటికి దొరకదు. అలా పనిచేసి చేసి తరిగిపోతుంటే, కండ ఉండాల్సిన చోట మచ్చ, కొవ్వు పేరుకుంటాయి. బరువు లేని ఊళ్ళో పుట్టడం వల్లే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది. ఇక్కడ ఆమె అందరిలాగే తేలుతుంది. సందుల్లో పందెం పెడితే నన్ను ఓడిస్తుంది కూడా.

నేను కండను గాజు పలక మీద పరిచి రంగు వేస్తాను. నిద్రపోయే కణం నీలంగా, లేచిన కణం నారింజ రంగులో కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పలక నిండా నీలం చుక్కలే. నారింజ ఇక్కడొకటి అక్కడొకటి. నీలవేణి పలక దానికి తలకిందులు. ఆమె కణాల్లో లోపాన్ని సరిదిద్ది, గాజుగిన్నెలో పెంచి, రెండుసార్లు పిక్కలో పెట్టాను. రెండుసార్లూ అవన్నీ ఒక్కుమ్మడిగా లేచి, నెలలోపే ఖర్చయిపోయాయి. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"అత్తా, బరువు పండగకి నాకు చోటెక్కడ?" అంది తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"ఇరుసు అంతస్తులో. పదోవంతు బరువే కదా, తట్టుకుంటావేమో చూద్దాం."

"తట్టుకోకపోతే?"

జవాబు కూడా తనే చెప్పింది.

"పాత ఊళ్ళోనే ఉండిపోతాను. రెండు వందల పదమూడు మంది ఖాళీ చేసిన ఇళ్ళు. రోజుకో ఇంట్లో పడుకోవచ్చు" అని నవ్వింది.

నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆమె పాత పలకలన్నీ మళ్ళీ తీసి చూశాను.

27వ రోజు

ఊరు ఊరంతా కండలే మాట్లాడుకుంటోంది. మేలుకొలుపు బ్రహ్మాండంగా పనిచేస్తోంది. పిడికిలి బలం సగటున ఐదోవంతు పెరిగింది. భోజనాల దగ్గర చొక్కా చేతులు మడిచి చూపించుకోవడం మొదలైంది. వంటశాలలో పప్పు రుబ్బే సూరీడమ్మ గారు మూత తిప్పితే మరలు ఊడొచ్చాయి. ఆ మూతను ఆవిడ గోడకు తగిలించుకున్నారు.

తప్పెటగుళ్ళ బృందం సాధన చూడటానికి వెళ్ళాను. భుజాలకు రబ్బరు తాళ్ళు కట్టి, అటు కొస నేలకు బిగించారు. ఎగిరితే తాడు లాగి దించుతుంది. సింహాద్రి "ఎగరండ్రా!" అన్నాడు. పదిమందీ ఎగిరారు. ఎనిమిది మంది దిగారు. ఇద్దరి తాళ్ళు ఒకదానికొకటి మెలిపడి, వాళ్ళు కౌగిలించుకుని గాల్లో గిర్రున తిరుగుతూ ఉండిపోయారు. వాళ్ళను విప్పడానికి పావుగంట పట్టింది. నవ్వి నవ్వి నా కడుపు కండరాలకు కూడా ఆ పూట కసరత్తు అయింది.

41వ రోజు

పాలకూర మళ్ళ దగ్గర పనిచేసే ముగ్గురు పిక్కలు పట్టేస్తున్నాయని వచ్చారు. నీళ్ళు ఎక్కువ తాగమన్నాను. వారం నుంచి పిడికిలి బలం ఎవరికీ పెరగలేదు. నలుగురికి కాస్త తగ్గింది. కసరత్తు ఎగ్గొడుతున్నారేమోనని చిట్టా చూశాను. ఎవరూ ఎగ్గొట్టలేదు.

సింహాద్రి బలం కూడా తగ్గింది. "ఒయసమ్మా" అన్నాడు. ఒక మనిషికి పది రోజుల్లో వయసు పైబడదు.

48వ రోజు

సూది గాయం మానడానికి నెల పైన పడుతుందని మధ్యలో ఎవరి కండా తీయలేదు. ఈ రోజు పన్నెండు మందివి తీశాను.

మొదటి పలక చూడగానే విసుగొచ్చింది. నీలవేణి పాత పలక ఇందులో ఎలా కలిసిందని దాన్ని పక్కన పెట్టాను. రెండోదీ నీలవేణిదే అనిపించింది. మూడోదీ అంతే. అప్పుడు వెనక్కి తిప్పి పేర్లు చదివాను. మొదటిది కోరాడ సింహాద్రి. రెండోది సూరీడమ్మ గారు. మూడోది నాది.

అంతా నారింజ. నీలం చుక్కలు మూడోవంతుకు పడిపోయాయి. పోగుల మధ్య సన్నటి తెల్లటి మచ్చ మొదలైంది.

రోజూ సూది వేసి రోజూ లేపాను. లేచిన కణం పనయ్యాక వెళ్ళి పడుకోవాలి కదా. నేను పడుకోనివ్వలేదు. పడుకున్న కణమే రేపటికి మిగిలేది. అందరూ ఒళ్ళు దాచుకోకుండా కష్టపడ్డారు. కష్టపడినంతా వాళ్ళ నిల్వలోంచి పోయింది. పుట్టుక నీలవేణికి ఏ జబ్బు ఇచ్చిందో, ఆరోగ్యంగా ఉన్న ఊరికి అదే జబ్బు నా చేతులతో నేను ఎక్కించాను.

49వ రోజు

ముక్తేశ్వరి గారి దగ్గరికి పలకలు పట్టుకెళ్ళాను. ఆవిడ ఊరి పెద్ద. తేదీ అంటే తేదీ అనే మనిషి. బరువు పండగ తేదీని గోడ మీద ఆవిడే స్వయంగా రంగు వేసి రాశారు.

"మందు ఈ రోజు నుంచే ఆపాలండి. పండగ వాయిదా వేయాలి."

"ఎన్నాళ్ళు?"

"తెలియదు. పొరపాటు నాది. రోజూ ఇవ్వమన్నది నేనే."

"పోయిన కణాలు మళ్ళీ వస్తాయా?"

"మిగిలిన వాటిని పడుకోనిస్తే వస్తాయనుకుంటున్నాను. ఇంకో నెల ఇలాగే లేపి ఉంటే వచ్చేవి కావు."

ఆవిడ సూక్ష్మదర్శినిలో మూడు పలకలూ చూశారు. తర్వాత తన పలక ఏదని అడిగారు. ఇచ్చాను. అది కూడా చూసి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు.

"నేను తిడతాననుకున్నారా?"

"అనుకున్నానండి."

"తిట్టాలనే ఉంది. కానీ నలభై తొమ్మిదో రోజున వచ్చి చెప్పారు, తొంభయ్యో రోజున కాదు. రేపు ఊరందరి ముందూ మీరే చెప్పండి. పక్కన నేను నిలబడతాను."

50వ రోజు

చెప్పాను.

"విత్తనాల కోసం దాచిన వడ్లు ఉంటాయి. పండగొచ్చిందని నేను వాటిని కూడా వండి పెట్టేశాను. మీరు కడుపునిండా తిన్నారు, బలంగా ఉన్నామనుకున్నారు. గాదె ఖాళీ అవుతోందని ఎవరికీ తెలియలేదు. చూసుకోవాల్సిన నేను చూసుకోలేదు."

వెనక నుంచి సింహాద్రి లేచాడు. ఆయన అరుస్తాడేమోనని భయపడ్డాను.

"గాదెలో ఏటీ లేదా? అడుగున కాసిన్ని ఉన్నాయా?"

"ఉన్నాయి. మూడోవంతు."

"మరింకేటి? నాట్లెయ్యడానికి సాలు. ఇప్పుడేటి సెయ్యాల సెప్పు."

"ఏమీ చేయకూడదు. పడుకోవాలి."

రెండు వందల మంది ఒక్కసారి నవ్వితే మా గుహలో ఎంత శబ్దం వస్తుందో ఈ రోజే తెలిసింది.

63వ రోజు

పని చేయించడం తేలికే, పడుకోబెట్టడమే కష్టం. సూరీడమ్మ గారు దుప్పటి కింద దొంగచాటుగా రబ్బరు తాడు లాగుతూ దొరికిపోయారు.

పూర్తిగా పడుకోబెట్టినా లాభం లేదు. అసలు లేవకపోతే మొదటికే వస్తాం. ఎంత లేపాలి, ఎంత పడుకోబెట్టాలి అని లెక్కలు వేస్తుంటే నీలవేణి వచ్చింది.

"నాకు పదమూడేళ్ళప్పుడు నువ్వే నేర్పావు కదత్తా. ఒక రోజు కాస్త పని, రెండు రోజులు పడక. వాపు చల్లారాకే మళ్ళీ పని. ఇంతకాలం నేను బతికింది ఆ లెక్కతోనే. ఊరందరికీ అదే పెట్టు."

"బరువు లేకుండా ఎలా?"

"రాట్నం నా చేతిలో ఉంది. మూడు రోజులకొకసారి రెండు గంటలు మెల్లగా తిప్పుతాను. మొదట పదోవంతు. తర్వాత పావు. ఆ రెండు గంటలూ జనం అందులో నడుస్తారు. తర్వాత ఆపేస్తాను, ఇళ్ళకు పోయి పడుకుంటారు."

ఇరవై ఏళ్ళుగా ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ పద్ధతులను ఆమె మీద ప్రయోగిస్తూ వచ్చాను. ఆమె బతికే పద్ధతి ఊరికి పనికొస్తుందని ఒక్కసారీ తోచలేదు.

అంతలో సింహాద్రి వచ్చాడు, చేతిలో రేకు తప్పెటతో. కూతురు మూలన ఉన్నట్టు చూసుకోలేదు.

"ఇది ఇంకెవులికైనా ఇచ్చీ అమ్మా. నాను రాట్నంలోకి రాను. నా గుంట నీలవేణిని కాళీ ఊర్లో ఒగ్గీసి నాను గంతులేత్తానా?"

"నాన్నా" అంది నీలవేణి.

ఆయన గిరుక్కున మూల వైపు తిరిగాడు.

"మనిషి ఎగిరి కిందకి దిగడం నేను ఒక్కసారి కూడా చూడలేదు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి అందరూ తేలడమే. నువ్వు చెప్పే ఆట ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి కూడా రాదు నాకు. నువ్వు ఆడకపోతే నాకు చూపించేదెవరు?"

సింహాద్రి తప్పెటను అటూ ఇటూ తిప్పి చూశాడు. "రేకు కొంచెం సొట్ట పడింది. సరి సేసుకోవాల" అని గొణిగి వెళ్ళిపోయాడు.

88వ రోజు

నీలం చుక్కలు పెరుగుతున్నాయి. సింహాద్రి పలకలో సగం దాటాయి. మచ్చ పెరగడం ఆగింది. నా కొత్త అలవాటు: మంచి పలక కనిపిస్తే దాని యజమానిని పిలిచి చూపించడం. జనం వాళ్ళ నీలం చుక్కల్ని ఫొటో తీసుకుని తలుపులకు అంటించుకుంటున్నారు.

ముక్తేశ్వరి గారు గోడ మీద తేదీ చెరిపేసి, "నీలం చుక్కలు ఎప్పుడంటే అప్పుడు" అని రాశారు.

నీలవేణికి పెట్టిన కణాలు రెండుసార్లూ ఎందుకు అయిపోయాయో ఇప్పుడు తెలిసింది. గట్టి గాజుగిన్నెలో పెరిగిన కణానికి నిద్రే రాదు. మెలకువగా ఉన్నవాటిని తీసుకెళ్ళి, వాచి ఉన్న కండలో పోశాను. ఈసారి సరిదిద్దిన కణాలను సగ్గుబియ్యం జావలాంటి మెత్తటి జిగురులో, కండ పోగుల ముక్కలు పక్కన ఆనించి పెంచాను. పక్కన పోగు తగులుతుంటే కణం కుదురుకుంటుంది. నాలుగో రోజుకు అన్నీ నీలంగా మారాయి. గుర్తు కోసం వాటికి ఆకుపచ్చ అంచు వచ్చేలా చేశాను. నీలవేణి మూడు వారాలు ఎడమ కాలు కదపకుండా వాపు చల్లార్చుకుంది. ఈ రోజు పొద్దున పిక్కలో పెట్టాను.

"ఎప్పుడు తెలుస్తుంది?"

"రెండు నెలల లోపు."

"ఈలోగా నేనేం చేయాలి?"

"వాటి జోలికి పోకు."

131వ రోజు

బరువు పండగ!

పొద్దున తొమ్మిదింటికి నీలవేణి రాట్నం తిప్పింది. పదోవంతు. పావు. సగం. అట్టడుగు అంతస్తులో రెండు వందల మంది గోడలు పట్టుకుని నిలబడ్డాం. నా బుగ్గలు కిందికి జారుతున్నట్టు అనిపించింది. పక్కకు చూస్తే ముక్తేశ్వరి గారి బుగ్గలు నిజంగానే జారాయి. ఆవిడా నన్ను చూసి అదే అనుకున్నారు కాబోలు, ఇద్దరం ఒకేసారి నవ్వాం.

ఎవరి చేతిలోంచో గాజు గ్లాసు జారింది. కిందపడి భళ్ళున పగిలింది. తర్వాత ఊరంతా చప్పట్లు. సూరీడమ్మ గారు టీ పాత్ర పైకెత్తి పోశారు. టీ కిందికి, ఒక్క ధారగా, కప్పులోకే వెళ్ళింది. మళ్ళీ పోయమన్నారు జనం. మళ్ళీ పోశారు. అలా పదిహేను కప్పులయ్యాయి.

ఎవరూ కూలబడలేదు. ఇద్దరికి కళ్ళు తిరిగాయి, అంతే.

నీలవేణి ఇరుసు దగ్గరి పనిని తోడు ఉద్యోగికి అప్పగించి, పట్టీ కట్టిన కాలితో నడిమి అంతస్తు దాకా లిఫ్టులో దిగింది. పావు బరువులో కాసేపు కూర్చోవచ్చని అక్కడి వసారాలో కుర్చీ వేసి, నేను పక్కన నిలబడ్డాను. కింద ఆట మొదలైంది. గుండెల మీద పది తప్పెటలు, కాళ్ళకు గజ్జెలు. సింహాద్రి పాట ఎత్తుకుని ఎగిరాడు.

ధన్ మని దిగాడు.

గజ్జెలు ఘల్లుమన్నాయి. నేల అదిరింది. మళ్ళీ ఎగిరాడు, మళ్ళీ దిగాడు, తాళానికి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి చెమటలు కారుస్తూ, మేమున్న పిట్టగోడ వైపు చూస్తూ ఎగురుతున్నాడు. నీలవేణి కుర్చీ అంచు పట్టుకుని ముందుకు వంగింది.

"దిగుతున్నాడత్తా! చూడు, ఎగిరిన ప్రతిసారీ దిగుతున్నాడు!"

139వ రోజు

బరువుతో నడక అలవాటవుతోంది. ఒక రోజు కింద, రెండు రోజులు పైన. రోస్టరు నీలవేణిదే. నా పరీక్ష గది ఇప్పుడు నడిమి అంతస్తులో ఉంది.

ఈ రోజు నీలవేణి ఎడమ పిక్కలో సూది వేశాను. పలక పరిచి, రంగు వేసి, చూశాను. లెక్కపెట్టాను. నమ్మకం కుదరక మళ్ళీ లెక్కపెట్టాను.

నీలం. ఆకుపచ్చ అంచుతో నీలం. పోగుల అంచున, పొర కింద, ఎక్కడ ఉండాలో అక్కడ. పక్కనే ఆకుపచ్చ కణాల నుంచి పుట్టిన కొత్త పోగులు నాలుగు, గోడలు చిరగకుండా. అంటే కొన్ని లేచాయి, పనిచేశాయి, మిగిలినవి వెళ్ళి పడుకున్నాయి.

"ఏమయింది?" అంది నీలవేణి బల్ల మీంచి. "మళ్ళీ ఖర్చయిపోయాయా?"

"నిద్రపోతున్నాయి."

"ఎన్ని?"

"ఈ నువ్వుగింజంతలోనే పదకొండు."

ఆమెను పట్టుకుని సూక్ష్మదర్శిని దాకా నడిపించాను. కన్ను ఆనించి చాలాసేపు చూసింది. నేను ఏదో చెప్పబోతే చేయి పైకెత్తింది.

"మెల్లగా మాట్లాడత్తా. లేస్తాయి."

అప్పుడే సింహాద్రి తలుపు ధడాల్న తోసుకుని వచ్చాడు. "ఏటయింది? సూది ఏసినావంట?" అని ఒకటే కేక. మేమిద్దరం ఒకేసారి "ష్!" అన్నాం.

ఆయన నిలబడిపోయాడు. గొంతు తగ్గించి, "ఎవులు పడుకున్నారమ్మా?" అన్నాడు.

"మీ అమ్మాయి కండలు."

అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. కళ్ళలోంచి నీళ్ళు జారి, బుగ్గల మీంచి గడ్డం దాకా వచ్చి, నేల మీద పడ్డాయి. కూతురి తల మీద చేయి వేసి, మునివేళ్ళ మీద నడుచుకుంటూ బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు.

మధ్యాహ్నం భోజనాల దాకా ఆయన అక్కడే కాపలా కూర్చున్నాడు. ఆ దారిన వెళ్ళిన ప్రతి ఒక్కరినీ, ముక్తేశ్వరి గారితో సహా, పెదవుల మీద వేలేసి ఆపి, చెప్పులు విప్పించి మరీ పంపాడు.